అడవి మందు, రాయని రెండో అంకె

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన సిరోంచ ఉంది. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు అది, ఆవలి ఒడ్డు కాళేశ్వరం. ఆఫీసుల్లో మరాఠీ నడిచినా అక్కడి వీధిలో తెలుగు వినిపిస్తుంది, అడవి లోపలికి పోతే మాడియా గోండి. అక్కడి అడవి సరుకులో ఇప్పపువ్వు, సారపప్పుతోపాటు నల్లజీడి కూడా ఉంటుంది. దీని పండులో పై భాగం నారింజ రంగు కండ, కొసన నల్లటి గింజ. కండను ఎండబెట్టి తింటారు. గింజ పెంకులోని రసం మాత్రం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది, అందుకే దాన్ని పగలగొట్టేవాళ్లు ముందుగా చేతులకు నూనె పట్టించుకుంటారు. ఒకప్పుడు చాకిరేవులో బట్టలకు చెరగని గుర్తులు పెట్టింది ఈ రసంతోనే.

నల్లజీడి సారం కేన్సర్ కణాలను చంపిందని చెప్పే పరిశోధన పత్రాలు చాలానే వచ్చాయి. రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. మనిషి తోలునే కాల్చే పదార్థం, గాజు పళ్లెంలో ఏ రక్షణా లేని కణాన్ని విడిచిపెడుతుందా? కణాన్ని చంపడం విషం లక్షణం. పక్కనున్న మామూలు కణాన్ని బతకనిస్తూ కేన్సర్ కణాన్ని చంపితేనే దానికి మందయ్యే యోగ్యత వస్తుంది. ఈ తేడాను తేల్చే అంకె చాలా పత్రాల్లో కనిపించదు, పత్రికల వార్తల్లో అసలే ఉండదు.

ఆ అంకెను లెక్కగట్టడం కష్టమేమీ కాదు. కణాల ఎదుగుదలను సగానికి తగ్గించే మోతాదును ఐసీ-50 అంటారు. మామూలు కణాల ఐసీ-50ని కేన్సర్ కణాల ఐసీ-50తో భాగిస్తే సెలెక్టివిటీ ఇండెక్స్ వస్తుంది. అది ఒకటి దగ్గర ఉంటే ఆ సారం రెంటినీ ఒకేలా చంపుతోందని అర్థం. మూడు దాటితే చాలామంది పరిశోధకులు ముందుకు వెళ్లదగినదిగా చూస్తారు. అయితే ఇందులోనూ మెలిక ఉంది: మామూలు కణాలంటూ తరచూ వాడే హెక్-293, వీరో కణాలు ప్రయోగశాలలో ఎడతెగకుండా పెరిగే రకాలు, పైగా రెండూ మూత్రపిండం నుంచి వచ్చినవి. రొమ్ము కేన్సర్ కణాలను వాటితో పోల్చి ‘ఎంపిక చేసి చంపుతోంది’ అనడం సగం నిజమే.

మోతాదు మాట మరీ ముఖ్యం. ఒక ఆకు సారం ఐసీ-50 మిల్లీలీటరుకు 200 మైక్రోగ్రాములని అనుకుందాం. మనిషి ఒంట్లో సుమారు అయిదు లీటర్ల రక్తం ఉంటుంది. ఒక్క రక్తంలోనే ఆ గాఢత రావాలంటే గ్రాము సారం చెక్కుచెదరకుండా ఒకేసారి అందులో కలవాలి. తాగిన కషాయంలో ఎంత భాగం పేగు దాటుతుంది, కాలేయం ఎంత విరగ్గొడుతుంది అన్నవి ఇంకా లెక్కలోకి రానే లేదు. ముడి సారానికి అమెరికా జాతీయ కేన్సర్ సంస్థ పెట్టుకున్న ప్రమాణం మిల్లీలీటరుకు దాదాపు 20 మైక్రోగ్రాములు. మన పత్రాల్లో మూడంకెల ఐసీ-50తోనే ‘శక్తిమంతమైన’ అనే విశేషణం వచ్చేస్తోంది.

కొలిచే పద్ధతి కూడా మోసం చేయగలదు. ఎక్కువమంది వాడే ఎంటీటీ పరీక్షలో బతికున్న కణాలు పసుపు రంగు రసాయనాన్ని ఊదా రంగుకు మారుస్తాయి. మొక్కల్లోని పాలీఫినాల్స్ అనే పదార్థాల్లో కొన్ని కణం ఒక్కటీ లేకపోయినా అదే పని చేస్తాయి. కుంకుడులో నురగ తెచ్చే సపోనిన్‌లు కణం పొరనే చీలుస్తాయి, వాటికి కేన్సర్ కణమైనా ఒకటే, ఎర్ర రక్తకణమైనా ఒకటే.

ఇదంతా చెప్పి అడవి మొక్కల వెతుకులాటే దండగని తేల్చడం నా ఉద్దేశం కాదు. ఇంటి ముందు పూసే బిళ్ళగన్నేరు ఆకు మధుమేహానికి మంచిదన్న నమ్మకాన్ని 1950లలో కెనడాలో నోబుల్, బీర్ అనే పరిశోధకులు పరీక్షించారు. ఎలుకల్లో చక్కెర తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ దారినే విన్‌బ్లాస్టిన్ అనే కేన్సర్ మందు వచ్చింది, తర్వాత అదే మొక్క నుంచి పిల్లల రక్త కేన్సర్‌కు నేటికీ వాడే విన్‌క్రిస్టిన్ వచ్చింది. గ్రాము విన్‌క్రిస్టిన్ తీయడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి, ఇక ఇంట్లో కాచిన కషాయం ఏపాటి? పక్కనే అడవినాభిని చూడండి. దాని దుంపలోని కాల్చిసిన్ కూడా, విన్‌క్రిస్టిన్‌లాగే, కణ విభజనకు కావలసిన ట్యుబులిన్ అనే ప్రోటీన్ మీదే పనిచేస్తుంది. కానీ మేలు చేసే మోతాదుకీ ప్రాణం తీసే మోతాదుకీ మధ్య ఎడం మరీ తక్కువ కావడంతో అది కేన్సర్ మందు కాలేక, గౌట్ అనే కీళ్ల నొప్పులకు చిన్న మోతాదులో మిగిలిపోయింది. లక్ష్యం ఒకటే అయినా ఆ ఎడం దగ్గరే రెండు మొక్కల దారులు వేరయ్యాయి.

పసరు మందు ఇచ్చే పెద్దలకు ఈ సంగతి తమదైన పద్ధతిలో తెలుసు. నల్లజీడిని ఇటుక పొడిలో శుద్ధి చేయనిదే వాడకూడదని ఆయుర్వేదమూ చెబుతుంది. ఈ జాగ్రత్త వార్తకు అంటుకోదు. ఫోన్లలో తిరిగి సిరోంచకు చేరేసరికి మోతాదు, శుద్ధి, పరీక్ష జరిగింది పళ్లెంలోనన్న మాట, అన్నీ రాలిపోయి ‘ఈ గింజ కేన్సర్‌ను తగ్గిస్తుంది’ అన్నదొక్కటే మిగులుతుంది. జిల్లా కేంద్రమే రెండు వందల కిలోమీటర్లున్న చోట, గడ్డ తగిలిన మనిషి నాలుగు నెలలు గింజతోనే సరిపెట్టుకుంటే ఆ ఆలస్యానికి ఎవరు జవాబుదారీ?

అందుకే సరిహద్దు అడవుల నుంచి మొక్కలు తెచ్చుకునే విశ్వవిద్యాలయాల పత్రాలను అచ్చుకు ముందు పరిశీలించేవాళ్లు ఒక షరతు పెట్టాలని నా అభిప్రాయం: అదే అవయవానికి చెందిన మామూలు కణాల మీద ఫలితం, పోలికకు డాక్సోరూబిసిన్ వంటి వాడుకలో ఉన్న కేన్సర్ మందు ఫలితం లేనిదే ‘కేన్సర్ నిరోధక’ అన్న మాట శీర్షికలో పెట్టనీయకూడదు. మొక్కను ఏ నెలలో, ఏ ఊరి అడవిలో, ఏ భాగం తీశారో కూడా రాయాలి, ఎందుకంటే రుతువును బట్టి రసాయనం మారుతుంది. ఆ ఊరి గ్రామసభకు అది తమ అడవి మొక్కేనని తెలియడానికీ ఆ ఒక్క వాక్యమే ఆధారం. కణాల జాతీయ భాండాగారం ఇదే మహారాష్ట్రలో, పుణెలో ఉంది. అక్కడి నుంచి కేన్సర్ కణాలు తెప్పించుకునే ప్రయోగశాల మామూలు కణాల సీసా ఒకటి కూడా అడిగితే అదనంగా పడేది మరో ప్లేటు, మరో రెండు మూడు రోజుల పని.