క్యాలెండర్ యేసు ముఖం ఎప్పటిది?
పొడుగు జుట్టు, గడ్డం ఉన్న యేసు రూపం మొదటి నుంచీ ఉన్నదే అని ఒక వ్యాసంలో రాశారు, అది సరికాదండీ. నాలుగు సువార్తల్లో ఎక్కడా ఆయన ముఖం ఎలా ఉండేదో ఒక్క ముక్క లేదు. సిరియాలోని దురా యూరోపోస్‌లో 3వ శతాబ్దపు ఇంటి చర్చి గోడ మీద, పక్షవాతం ఉన్నవాణ్ణి నయం చేస్తున్న యేసుకి గడ్డమే లేదు, పొట్టి జుట్టు కుర్రాడు! ఇప్పుడు చాలామందికి తెలిసిన ఆ మెత్తటి చూపుల ముఖం మాత్రం అమెరికాలో వార్నర్ సాల్‌మన్ అనే చిత్రకారుడు 1940లో వేసింది, ప్రింట్లు కోట్లలో అచ్చయి అదే అసలు ముఖం అయిపోయింది. బైబిల్లో నిజంగా రూపవర్ణన కావాలంటే ప్రకటన గ్రంథం మొదటి అధ్యాయం చదవండి, ఉన్నిలాంటి తెల్లటి జుట్టు, అగ్నిజ్వాలల్లాంటి కళ్లు, నోట్లోంచి వచ్చే రెండంచుల కత్తి. దాన్ని క్యాలెండర్ మీద వేసినవాళ్లు నాకైతే ఇంతవరకూ తగల్లేదు.