ఓవర్‌హెడ్ అనే మహాతల్లి

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుకి జాబ్ కాస్టింగ్‌ని, అంటే ఒక్కో పనికి విడిగా ఖర్చు లెక్కగట్టడాన్ని, మించిన పద్ధతి లేదని ఏ బీకామ్ కుర్రాడైనా చెబుతాడు. ఏ రెండు లారీల పనీ ఒకలా ఉండదు కాబట్టి ఒక్కో లారీకి ఒక జాబ్ కార్డు, దానిమీద స్టోరు స్లిప్పు చూసి ఎక్కించిన చెక్క, ఛానళ్లు, రేకులు, టైమ్ కార్డు చూసి ఎక్కించిన కూలి. కాగితం మీద అంతా హరిశ్చంద్రుడి లెక్కే.

అలవాటు ప్రకారం మధ్యాహ్నం కరెంటు పోయి వెల్డరు రెండు గంటలు ఊరికే కూర్చున్నాడనుకోండి. ఆ ఖాళీ టైము ఓవర్‌హెడ్‌లోకి, అంటే ఏ ఒక్క లారీకీ చెందని ఉమ్మడి ఖర్చుల్లోకి పోవాలి. అలా రాస్తే ఎందుకు కూర్చున్నాడని ఓనరు అడుగుతాడు, అదో టెన్షన్. అందుకే మేస్త్రీ ఏ జాబ్‌లో లాభం బాగా కనిపిస్తోందో చూసి దాని నెత్తిన రాసేస్తాడు. సంపాదించే కొడుకు మీదే కదా ఎవరైనా భారం వేసేది!

ఇక మహాతల్లి సంగతి. వెల్డింగ్ రాడ్లు, గ్రీజు, షెడ్డు అద్దె, సూపర్‌వైజరు జీతం ఏ లారీకి ఎంతని విడదీయలేం కాబట్టి ఓవర్‌హెడ్‌లో వేస్తారు, సబబే. ఆ వెనకాలే ఓనరుగారి కారు పెట్రోలు, ఇంట్లో ఏసీ రిపేరు కూడా వచ్చి కూర్చుంటాయి. ఇవి ఫ్యాక్టరీ ఖర్చులు కావండీ అని అకౌంటెంటు గొణిగితే, ఆ మాటకొస్తే నీ జీతం కూడా కాదుగా అన్నారట ఓనరుగారు. మళ్లీ గొణగలేదు.

పైగా ఈ ఖర్చుల బిల్లులు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి, కొటేషన్ మాత్రం ఇవాళే ఇవ్వాలి. కాబట్టి ఏప్రిల్‌లోనే ఒక అంచనా: ఓవర్‌హెడ్ 12 లక్షలు, కూలి గంటలు 10,000, గంటకి 120 రూపాయలు. 400 గంటలు పట్టిన లారీకి 48,000 వడ్డింపు. మార్చికి చూస్తే పని జరిగింది 8,000 గంటలే, అంటే జాబ్‌లకి ఎక్కింది 9.6 లక్షలు, అసలు ఖర్చు 12.6 లక్షలు. మిగిలిన 3 లక్షలు ఏ లారీవో ఎవరికీ తెలీదు, అవి ఎప్పుడో రోడ్డెక్కేశాయి. ఆ మొత్తాన్ని అమ్మిన సరుకు ఖర్చులో కలిపేసి చేతులు దులుపుకుంటారు.

వచ్చే ఏడాదికి ఈ అంకెలే పట్టుకుని గంటకి 157 రూపాయల 50 పైసలు అంటారు. ఆ కొటేషన్ చూసి ఇంకో నాలుగు లారీలు పక్క షెడ్డుకి పోతాయి, గంటలు తగ్గుతాయి, రేటు ఇంకా పెరుగుతుంది. పక్క షెడ్డువాడు నష్టానికి పనిచేసి మార్కెట్ పాడుచేస్తున్నాడని ఓనరూ మేస్త్రీ కలిసి రోజూ ఓ గంట తిట్టుకుంటారు, ఆ గంట ఏ జాబ్ మీద రాయాలో అకౌంటెంటు ఇంకా తేల్చలేదు.