మన డబ్బు కట్టడానికీ డబ్బేనా?

మాది చిన్న కిరాణా కొట్టు. గల్లాలో పడేవన్నీ పది, ఇరవై నోట్లు, చిల్లర నాణేలే. నోట్లు కట్టలు కట్టి, నాణేలు సంచిలో పోసి బ్యాంకుకు తీసుకెళ్తే, నెలకు ఇంత దాటిందని నగదు లెక్కపెట్టి తీసుకున్నందుకు క్యాష్ హ్యాండ్లింగ్ ఛార్జీ వేస్తారు. దాని నెత్తిన 18 శాతం జీఎస్టీ! వ్యాపారులు వాడే కరెంట్ అకౌంట్‌కు రూపాయి వడ్డీ ఉండదు, మినిమమ్ బ్యాలెన్స్ తగ్గితే మాత్రం కోత. మొన్న పండక్కి సరుకు దించుకుంటే కాస్త తగ్గింది, మెసేజ్ ఠంచనుగా వచ్చేసింది. నాణేలు తీసుకోవాల్సిందేనని రిజర్వ్ బ్యాంక్ చెబుతూనే ఉంటుంది. కౌంటర్లో ఆయనేమో నా సంచి చూడగానే మొహం చిట్లిస్తాడు. నోట్లు లెక్కపెట్టేది మిషను. అంతకుముందే రాత్రి పదింటిదాకా కూర్చుని లెక్కపెట్టేది నేనూ, మా ఆవిడా. మరి మా కూలి ఏ ఛార్జీ కింద రాయాలి?