బస దీవిలోనా, ఒడ్డునా?

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉంటున్న ఒక కుటుంబం సెప్టెంబరు సెలవుల్లో నాలుగు రాత్రుల కోసం హార్వీ బే వైపు వెళ్ళాలని నిశ్చయించుకుంది. ఆ ఊరు బ్రిస్బేన్‌కు ఉత్తరాన, కారులో సుమారు మూడున్నర గంటల దూరంలో ఉంటుంది. దానికి ఎదురుగా, జలసంధికి అవతల, ప్రపంచంలోకెల్లా పెద్దదైన ఇసుక దీవి పరుచుకుని ఉంటుంది. ప్రయాణం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. బస ఒడ్డునున్న ఊళ్ళో తీసుకోవాలా, దీవిలోనే తీసుకోవాలా అన్న దగ్గర మాత్రం బావకూ మరదలికీ పేచీ వచ్చింది. నేను మరదలి పక్షమని ముందే చెప్పేస్తున్నాను. అయినా బావ మాటలో పస ఉన్నచోట దాన్ని పలచన చేసి రాయలేదు.

బావ: గది తీసుకునేది నిద్రపోవడానికి. ఎదురుగా ఉన్న ఆ ఫ్రేజర్ దీవిని చూడటానికి పొద్దున పడవ ఎక్కి సాయంత్రానికి తిరిగివచ్చే ఒకరోజు యాత్రలు ఎలాగూ ఉన్నాయి. అలాంటప్పుడు ఊళ్ళోనే యురాంగన్‌ పేటలోనో టోర్కీ పేటలోనో సముద్రానికి ఎదురుగా, వంటగది ఉన్న అపార్ట్‌మెంటు ఒకటి తీసుకుంటే పాపకు వేళకు అన్నం పెట్టుకోవచ్చు, అమ్మకు ఉప్పూకారం తగ్గించి వండుకోవచ్చు. మెట్లు దిగితే నడకదారి, దాని పక్కనే నీళ్ళు. ఆ దీవి అడ్డుగోడలా నిలబడి ఉండటం వల్ల ఈ తీరంలో పెద్ద అలలు లేవవు కనుక ఆరేళ్ళ పిల్ల మోకాలి లోతు నీళ్ళలో హాయిగా ఆడుకుంటుంది. దీవి తూర్పు తీరంలోనైతే సముద్రంలోకి దిగవద్దనే చెబుతారు. లాగేసే ప్రవాహాలు, సొరచేపలు, పైగా కాపలాకు ఒక్క మనిషీ ఉండడు. సముద్రంలో దిగడానికి వీలులేని దీవిలో సముద్రపు సెలవులేమిటో నాకు అర్థం కావడం లేదు.

మరదలు: గది నిద్రపోవడానికే అన్న మీ మొదటి మాట దగ్గరే నాకు పేచీ ఉంది, బావగారూ. నగరానికి వెళ్ళినప్పుడు ఆ మాట చెల్లుతుంది, ఎందుకంటే నగరం మనం ఎప్పుడు బయటికి వస్తే అప్పుడు తెరిచి ఉంటుంది. ఈ దీవి అలాంటిది కాదు. ఒడ్డునున్న రివర్ హెడ్స్ రేవు నుంచి దీవిలో బస ఉండే కింగ్‌ఫిషర్ బేకు పడవలో 50 నిమిషాలు పడుతుంది. అంతకుముందు రేవుకు చేరుకోవాలి, వరసలో నిలబడాలి, అవతల దిగాక బస్సు ఎక్కాలి. 120 కిలోమీటర్ల పొడవున్న ఆ దీవిలో చెప్పుకోదగ్గ తారురోడ్డు లేదు కనుక అడవిలో ఒక బండి పట్టేంత ఇసుక బాటల మీద ఊగుతూ పోవాలి. ఇక తూర్పు తీరానికి చేరితే అక్కడ తీరమే రహదారి. దానికి గంటకు 80 కిలోమీటర్ల వేగపరిమితి కూడా ఉంది. అయితే ఆ రహదారి రోజుకు రెండుసార్లు నీళ్ళ కింద ఉంటుంది. పోటు పూర్తిగా వచ్చే సమయానికి ముందు రెండు గంటలు, తరవాత రెండు గంటలు బండి దించవద్దని అందరికీ చెబుతారు. ఆ పోటు కూడా ఒకే వేళకు రాదు, రోజురోజుకూ దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. ఒక్క రోజు కోసం వెళ్ళినవాళ్ళు ఆ రోజు తమ నుదుట ఏ పోటు రాసి ఉంటే దానితో సరిపెట్టుకోవాలి. అక్కడే బస చేసినవాళ్ళు ఆటు మధ్యాహ్నం పడిన రోజున తూర్పు తీరానికి పోయి, అది కుదరని రోజున సరస్సు దగ్గర కూర్చుంటారు. మీరు లెక్కగట్టవలసింది గది అద్దె ఒక్కటే కాదు, దీవి మీద మెలకువగా ఉండే గంటలెన్ని అన్నది కూడా.

బావ: ఉపన్యాసం బాగుంది కానీ అందులో ఒక చిల్లు ఉంది. మన కారు ఆ ఇసుక మీద అడుగు కదలదు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి కావాలి, దానికి ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి, టైర్లలో గాలి తగ్గించి నడిపే అలవాటు ఉండాలి. ఈ మూడింటిలో మనకు ఒక్కటీ లేదు. కాబట్టి నువ్వు దీవిలో పడుకున్నా పొద్దున లేచి ఎక్కేది బస్సే, ఆటుపోట్ల లెక్క చూసేది ఆ బస్సు నడిపేవాడే. నీకు దక్కిందనుకుంటున్న స్వేచ్ఛ వాడి జేబులో ఉంటుంది.

మరదలు: అది నిజమే, ఒప్పుకుంటున్నాను. అయినా బస్సు ఏ రోజున ఎక్కాలన్నది మన చేతిలోనే ఉంటుంది, ఎక్కే ముందు పడవ ప్రయాణమూ ఉండదు.

బావ: ఒప్పుకున్నావు కదా, అది చాలు. ఇక డింగోల సంగతి చెప్పు, అదే, అక్కడి అడవి కుక్కల సంగతి. ఫ్రేజర్ దీవిలో అవి పెంపుడు కుక్కల్లా కనబడతాయి కానీ తోడేళ్ళతో సమానం. 2001లో అక్కడ తొమ్మిదేళ్ళ పిల్లవాడు వాటి దాడిలో చనిపోయాడు. పిల్లల్ని చెయ్యి చాపితే అందే దూరంలోనే ఉంచుకోవాలని అక్కడి అటవీ సిబ్బంది ఇప్పటికీ హెచ్చరిస్తూనే ఉంటారు. మన పాప సంగతి నీకు తెలుసు, చెయ్యి పట్టుకుంటే విడిపించుకుని పరిగెత్తే రకం.

మరదలు: దానికి జవాబు చెబుతాను. కానీ ముందు ఆ పేరు మార్చండి. రెండుసార్లు విని ఊరుకున్నాను. ఆ దీవి పేరు గరి. ఇంగ్లీషు రాతలో మొదట కె అన్న అక్షరం ఉంటుంది కానీ దాన్ని పలకరు. అక్కడి మూలవాసులైన బుచ్చుల్లా ప్రజలు తమ దీవికి పెట్టుకున్న పేరు అది, స్వర్గమని అర్థం. 2023 జూన్‌లో ప్రభుత్వం దాన్నే అధికారికంగా తిరిగి పెట్టింది. 1836లో ఓడ బద్దలై అక్కడికి చేరిన ఒక కెప్టెన్ ఇంటిపేరు దీవికి అంటుకుంది. అతని భార్య బతికి బయటపడి, తనకు తిండి పెట్టి కాపాడినవాళ్ళ గురించే ఊరూరా ఘోరమైన కథలు చెప్పింది. ఆ పేరుతో పిలుస్తూ వాళ్ళింటికి చుట్టపుచూపుగా ఎలా వెళతాం?

బావ: గదుల కోసం వెతికేటప్పుడు పాత పేరు కొడితేనే సగం ఫలితాలు వస్తున్నాయి, అందుకని నోటికి అదే అలవాటైంది. అయినా చెన్నై అని పేరు మార్చి ఇన్నేళ్ళయినా నువ్వు ఈనాటికీ మద్రాసు అనే అంటావు. అక్కడ లేని పట్టింపు ఇక్కడ ఎందుకొచ్చింది?

మరదలు: మద్రాసు అన్నది మన తాతలు ఆ ఊళ్ళో బతుకుతూ పిలుచుకున్న పేరు.

బావ: ఇక్కడ కట్టెలు కొట్టి బతికినవాళ్ళ మనవళ్ళు కూడా ఫ్రేజర్ గురించి సరిగ్గా ఆ మాటే అంటారు.

(ఈ పేచీ నిజానికి ఇంకా చాలాసేపు సాగింది, మద్రాసు నుంచి బెజవాడ దాకా వెళ్ళింది. బస సంగతికి దానితో పనిలేదు కనుక వదిలేస్తున్నాను. బావ చివరి మాటకు మరదలి దగ్గర జవాబు లేకపోయిందని, అయినా ఆ తరవాత బావ గరి అనే అన్నాడని మాత్రం రాయాలి.)

మరదలు: డింగోల భయాన్ని తేలిగ్గా తీసుకోమని నేను అనను. అందుకే నేను గుడారం అడగలేదు. కింగ్‌ఫిషర్ బేలో బస చుట్టూ డింగోలు రాకుండా కంచె ఉంటుంది, లోపల అత్తయ్యగారు కర్ర పట్టుకుని నడవడానికి దారులుంటాయి. ఒకరోజు యాత్రకు వెళితే పాప ఉండేదంతా కంచె బయటే, పైగా అలసిపోయి చిరాకుగా ఉన్న వేళల్లో. దీవిలో బస ఉంటే ఆమె రోజులో సగం కంచె లోపలే గడుపుతుంది. అలా చూస్తే మీరు చెప్పిన ప్రమాదం నా వాదాన్నే బలపరుస్తోంది.

ఇక సముద్రంలో దిగలేని దీవి అన్నారు. ఆ దీవిలో దిగవలసింది సముద్రంలో కాదు, బావగారూ. ఉత్త ఇసుక మీద నిలబడిన ఆ నేలలో వందకు పైగా మంచినీటి సరస్సులున్నాయి. మెకంజీ సరస్సులోకి ఏరు వచ్చి కలవదు, భూమిలోంచి ఊట ఊరదు. అడుగున ఆకూ అలమూ కుళ్ళి ఇసుకతో కలిసి గట్టిపడటంతో గిన్నెలా తయారైన పొర మీద వాన నీరు నిలిచిపోయింది, అంతే. పోయిన ఏడాది నేను ఒకరోజు యాత్రలో అక్కడికి వెళ్ళాను. ఆ ఇసుక పిండిలా తెల్లగా ఉంటుంది, నడిస్తే కాలి కింద కిర్రుమంటుంది. నా వెండి ఉంగరాన్ని తడి ఇసుకలో నాలుగుసార్లు రుద్దితే కొత్తదానిలా తేలింది. నీళ్ళు అంచున రంగే లేనట్టుండి, పది అడుగులు వేసేసరికి ఆకాశం రంగుకు తిరిగి, ఆపైన ఉన్నట్టుండి సిరా నీలంలో పడిపోతాయి. ఆ గీత దగ్గర నిలబడి ఒక కాలు అటు వేద్దామా అని ఆలోచిస్తుండగా బస్సు దగ్గరికి రమ్మని పిలుపు వచ్చింది. మేము వచ్చిన వేళకే మరో మూడు బస్సులూ వచ్చాయి, గట్టు మీద తువ్వాలు పరవడానికి చోటు వెతుక్కోవలసి వచ్చింది. అందరూ ఒకే పూట ఒడ్డు నుంచి బయలుదేరితే ఒకే వేళకే చేరతారు కదా. పొద్దున్నే దీవిలో లేచినవాళ్ళు ఆ గుంపు కంటే ముందు నీళ్ళలో ఉంటారు. సాయంత్రమూ అంతే. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో సూర్యుడు నీళ్ళలోంచి పైకి వస్తాడే గానీ నీళ్ళలోకి దిగడం అరుదుగా కనబడుతుంది. కింగ్‌ఫిషర్ బే పడమటి ఒడ్డున ఉంది కనుక అక్కడి రేవుకట్ట మీద కూర్చుంటే జలసంధి మీదుగా అస్తమయం చూడవచ్చు. ఆ సమయానికి ఒకరోజు యాత్రవాళ్ళు పడవలో తలలు వాల్చి నిద్రపోతుంటారు.

ఊరి తీరం గురించి కూడా ఒక మాట ఉంది. మెట్లు దిగితే నీళ్ళన్నారు. హార్వీ బేలో ఆటు పడినప్పుడు నీళ్ళు ఎంత దూరం వెనక్కి పోతాయో మీరు చూడలేదు. పాప బకెట్టు పట్టుకుని తడి ఇసుక మేటల మీద నడుస్తూ పోవలసిందే. నేను దీవికి చెప్పిన ఆటుపోట్ల లెక్క మీ తీరానికీ వర్తిస్తుంది.

బావ: తడి ఇసుక మీద పీతల వెంటపడటం పాపకు నీళ్ళకంటే ఇష్టం, కాబట్టి అది లోపం కిందికి రాదు. నువ్వు ఇంతసేపూ తప్పించుకుని తిరుగుతున్న సంగతి ఒకటుంది. మనం వెళ్ళేది సెప్టెంబరులో. హంప్‌బ్యాక్ తిమింగలాలు ఉత్తరాన వెచ్చటి నీళ్ళలో ఈని, పిల్లల్ని వెంటబెట్టుకుని దక్షిణ ధ్రువం వైపు తిరిగిపోతూ, సరిగ్గా ఆ నెలల్లో ఈ అఖాతంలో ఆగి సేదతీరుతాయి. 2019లో ప్రపంచంలోనే మొట్టమొదటి తిమింగలాల వారసత్వ స్థలంగా గుర్తించింది ఈ ఊరినే. ఆ పడవలు బయలుదేరేది యురాంగన్ రేవు నుంచి. అమ్మ సరస్సులో దిగదు, ఇసుక బాటల కుదుపు ఆమె నడుము తట్టుకోదు. పడవలో కుర్చీలో కూర్చుని తిమింగలాన్ని చూడగలదు. సాయంత్రం యురాంగన్ పాత వంతెన మీద, ఒకప్పుడు ఓడల్లోకి చక్కెర ఎక్కించడానికి కట్టి 1917లో పూర్తిచేసిన, ఇప్పుడు 868 మీటర్లు మిగిలిన ఆ చెక్క వంతెన మీద, తనకు ఓపిక ఉన్నంత దూరం నడిచి వెనక్కి రాగలదు. ఏ రాత్రయినా ఆయాసం వస్తే ఆసుపత్రి ఊళ్ళోనే ఉంది. దీవిలో ఉంటే పడవ కోసమో హెలికాప్టరు కోసమో చూడాలి. నీ ప్రణాళికలో నీకూ పాపకూ అంతా ఉంది, అమ్మకు ఒక సూర్యాస్తమయం మాత్రం కేటాయించావు.

మరదలు: (కొంతసేపు మాట్లాడలేదు.) అత్తయ్యగారి రాత్రుల సంగతి నేను తగినంతగా ఆలోచించలేదు. నాలుగూ దీవిలోనే అన్న పట్టు వదులుతున్నాను. రెండు రాత్రులు దీవిలో, రెండు యురాంగన్‌లో. కానీ ఆ రెండింటికి తగ్గితే మళ్ళీ ఒకరోజు యాత్రే అవుతుంది. ఒక్క రాత్రిలో దక్కేది పడవ దిగిన అలసట, పొద్దున సామాను సర్దుకునే తొందర, అంతే. దీవితో మొదలుపెట్టి తిమింగలాలతో ముగిద్దాం.

బావ: తిరగేసి చెయ్యాలి. బ్రిస్బేన్ నుంచి మూడున్నర గంటలు కారులో కూర్చున్న అమ్మను ఆ సాయంత్రమే పడవ ఎక్కించలేం. మొదటి రెండు రాత్రులు ఊళ్ళో ఉందాం. మొదటి రాత్రి ఆమె ఎలా ఉందో చూసుకుని దీవి సంగతి ఖాయం చేసుకోవచ్చు. రెండో రోజు గాలి ఎక్కువై తిమింగలాల పడవ కదలకపోతే, మూడో రోజు పొద్దున ఇంకొక అవకాశం మిగులుతుంది. చివరికి పెట్టుకుంటే అదీ ఉండదు.

మరదలు: ఆ వరసే సరైనది, నాకు తట్టలేదు. గదులు ఇప్పుడే చూస్తాను. సెలవు రోజులు కనుక కింగ్‌ఫిషర్ బేలో రేవుకు దగ్గరి గదులు ముందే పోతాయి, అత్తయ్యగారికి ఆ గదే కావాలి. దీవిలో దిగినప్పటి నుంచీ పాప చెయ్యి పట్టుకునే పని నాది. మీరు మందుల సంచీ చూసుకోండి.