షుగర్‌లెస్ చీటీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ షుగర్‌లెస్ చీటీ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే మా ఇంట్లో కుశలం నిన్న రాత్రి నుంచి లేదు. విశాఖ ద్వారకానగర్‌లో తమరు కొలువున్న మిఠాయి దుకాణం నుంచి తెచ్చిన కాజూ బర్ఫీని మా నాన్నగారు సుష్టుగా ఆరగించారు. తెల్లవారేదాకా ఆయన ఏ గదిలో కాలక్షేపం చేశారో మర్యాదగల ఉత్తరంలో రాయకూడదు.

ఆయన తిండిపోతు కారు. ఏళ్ల తరబడి షుగర్‌తో కాపురం చేస్తున్న మనిషి. పెళ్లి భోజనంలో బూరెను ఆకు పక్కకు నెట్టి, దానివైపు చూడకుండా పెరుగన్నం దాకా వెళ్లగలరు. అటువంటి నిగ్రహాన్ని తమరు పెట్టె మూత మీది ఆకుపచ్చ అక్షరాలతో ఒక్క సాయంత్రంలో కూల్చేశారు. "షుగర్‌లెస్ కదరా" అంటూ ఒక్కో ముక్కా లోపలికి పోయింది. జీడిపప్పు, నెయ్యి కూడా తమరి మహిమ వల్ల మాయమైపోయాయని ఆయన నమ్మకం.

కొనేటప్పుడు అడగలేదా అంటారేమో. అడిగాను.

"బాబూ, ఇందులో తీపికి ఏం వేశారు?"

"షుగర్‌లెస్ అండి."

"చక్కెర వేయలేదని తెలిసింది. మరి వేసింది ఏమిటి?"

"షుగర్‌లెస్సే అండి, అందరూ ఇదే తీసుకువెళ్తారు."

మేనేజరుగారు భోజనానికి వెళ్లారన్నారు. ఆ భోజనం ఎంతసేపు సాగిందంటే, ఆయన తిరిగి వచ్చేసరికి కొట్లో దీపాలు వెలిగించారు. వచ్చి పెట్టె అందుకుని, "అంతా వెనకాల ఉంటుంది సార్, చూసుకోండి" అన్నారు. వెనక్కి తిప్పితే కనిపించింది ధర. తెల్లటి చీటీ, దాని మీద నల్లటి అంకెలు, ప్యాక్ చేసిన తేదీ. ఆ చీటీ సరిగ్గా దినుసుల వివరాల మీద కూర్చుని ఉంది. పెట్టె వెనకవైపు జానెడు ఖాళీ ఉంది. అటుపక్క లక్ష్మీదేవి బొమ్మ, ఇటుపక్క పూల తీగ, వాటి మధ్య బోలెడంత చోటు. అయినా చీటీ అక్కడే అతికింది.

గోటితో గోకాను. చీటీ రాలేదు, గోరు విరిగింది.

ఈ ఉదయం, నాన్నగారు కాస్త కునుకు తీశాక, దూదిని కొబ్బరినూనెలో ముంచి ఆ చీటీని నానబెట్టాను. అంచు లేచింది, మెల్లగా లాగితే జిగురుతో పాటు ఊడింది. కింద చీమతల అక్షరాల్లో రెండు వాక్యాలు బయటపడ్డాయి. ఒకటి: స్వీటెనర్ (965). రెండోది: పాలియాల్స్ వల్ల విరేచనాలు కావచ్చు.

చీటీ గారూ, హెచ్చరికే ధర చీటీ కింద ఉంది! రాత్రంతా ఆ గది తలుపు బయట మజ్జిగ గ్లాసు పట్టుకుని నేను నిలబడటానికి కారణమేమిటో ముందుగానే అచ్చువేసి, దానిపైన ధర అతికించి, ఆ ధరను నా చేతే కట్టించుకున్నారు.

ఇంతకీ 965 అంటే మాల్టిటాల్, పాలియాల్స్ అనే తీపి పదార్థాల్లో ఒకటి. ఆ సంగతి వెతికి తెలుసుకున్నాను. చక్కెర గ్రాముకు 4 కేలరీలిస్తే ఇది రెండుకు కాస్త పైన ఇస్తుంది. రక్తంలో చక్కెరను పెంచుతుంది, కాకపోతే అసలు చక్కెర కంటే తక్కువగా. పేగుల్లో పూర్తిగా ఇంకదు. మిగిలింది నీటిని లాగుతుంది, పులుస్తుంది. ఆ తరువాతి కథ నిన్న రాత్రిదే. ఇందులో విషమూ లేదు, వింతా లేదు. రెండు ముక్కలతో ఆపాల్సిన పదార్థమని చెబితే చాలు. మరి 965 అని అంకె వేస్తే అర్థం చేసుకోవడానికి మా నాన్నగారు పోర్టులో గుమాస్తాగా చేశారు గానీ రసాయన ప్రయోగశాలలో కాదు.

తమరి వంశం మీద నాకు ద్వేషం లేదు. నిజానికి తమరి పెద్దల్లో (పాత కృత్రిమ తీపి పదార్థాల్లో) కొందరు చేతులు శుభ్రంగా కడుక్కోని శాస్త్రవేత్తల పుణ్యాన పుట్టినవారే. 1879లో ఫాల్‌బర్గ్ ప్రయోగశాల నుంచి వచ్చి చేతులు కడగకుండా భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా తగిలింది, సాక్రిన్ దొరికింది. 1965లో ష్లాటర్ కాగితం తీయడానికి వేలు నాకితే ఆస్పర్టేమ్ దొరికింది. ఎలుకలకు మూత్రాశయ కణితులు వచ్చాయని 1977లో అమెరికా సాక్రిన్‌కు హెచ్చరిక తగిలించింది, ఎలుకల సంగతి మనుషులకు వర్తించదని తేలాక 2000లో తీసేసింది. ఆ మచ్చ పోవడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది పాపం.

2023లో ఆస్పర్టేమ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బి వర్గంలో చేర్చినప్పుడు మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గుంపు అట్టుడికిపోయింది. అదే వర్గంలో ఆసియా సంప్రదాయ ఊరగాయలూ ఉన్నాయని (ఆవకాయ జాడీ దాచుకోకండి, అవి చైనా, కొరియా, జపాన్ వైపు ఊరబెట్టే కూరలు) ఎవరూ పంపలేదు. ఆధారాలు ఎంత గట్టివో చెప్పే వర్గమే తప్ప ఎంత తింటే ముప్పో చెప్పేది కాదది. ఎంత అన్నది మరో నిపుణుల సంఘం అదే రోజు చెప్పింది: కిలో బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాముల దాకా పరవాలేదని. 70 కిలోల మనిషి రోజుకు తొమ్మిది నుంచి పద్నాలుగు డబ్బాల డైట్ కోలా తాగితే గానీ ఆ గీత దాటడు.

అంటే లెక్కంతా మోతాదుదే. సరే, ఒప్పుకున్నాను. మరి ఆ మోతాదు ఎక్కడ రాశారు స్వామీ? ఒక్కో బర్ఫీలో మాల్టిటాల్ ఎన్ని గ్రాములు? పెట్టెను అన్ని వైపులా తిప్పాను. లక్ష్మీదేవి చేతిలోంచి రాలుతున్న నాణేలు లెక్కపెట్టగలిగాను గానీ గ్రాములు దొరకలేదు.

తమరి బంధువర్గానికి కూడా నా మాటగా చెప్పండి. తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో నడిచి, బొజ్జ తగ్గాలని జీరో కోలా తాగే మిత్రులకు ఒక కబురు: బరువు తగ్గడానికి అటువంటి కోలాల్లోని తీపి పదార్థాలను నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలోనే చెప్పింది. ‘షుగర్ ఉన్నవారికి బెల్లం టీ’ అని బోర్డు కట్టిన బండివారికి నమస్కారం. అనకాపల్లి బెల్లం అమృతమే, అయినా రక్తంలోకి వెళ్లాక అది చేసేది చక్కెర చేసే పనే. ముందువైపు బొమ్మలు వేసి పిల్లలను పిలిచి, వెనకవైపు ‘పిల్లలకు తగదు’ అని గొణిగే సీసాలకు నమస్కారం కూడా దండగ.

షుగర్ ఉన్నవారికి ఆ బరువు సలహా వర్తించదని కూడా ఆ సంస్థే చెప్పింది, దాచను. పండుగ పూట అందరి చేతుల్లో మిఠాయి ఉన్నప్పుడు మా నాన్నగారి చేతిలోనూ ఒక ముక్క పెట్టగలిగేది తమరొక్కరే. అందుకే మళ్లీ రానివ్వనని ప్రతిజ్ఞ చేయడం లేదు. ఆయన అప్పుడే లేచి, పల్చటి మజ్జిగ తాగి, మిగతా ముక్కలు ఎక్కడ పెట్టావని అడిగారు కూడా.

కానీ ఆ ధర అతికించే మహానుభావుడికి ఒక మాట చెప్పండి. పెట్టె అడుగుభాగం మొత్తం తెల్లగా, ఖాళీగా ఉంది. అక్కడ అతికించి చావమనండి.

ఇట్లు,
ఎం.వి.పి. కాలనీ నుంచి
తమరి విధేయ వినియోగదారుడు