మన మసాలాల మీద ‘విదేశీ కుట్ర’ అట, కాస్త ఆగండి

మా ఫ్యామిలీ గ్రూపులో మళ్ళీ అదే మెసేజ్: "విదేశాలన్నీ కలిసి మన మసాలాలను బ్యాన్ చేశాయి, మన మార్కెట్ కొట్టేయడానికి కుట్ర, ఇక్కడ టెస్టు చేస్తే ఏమీ దొరకలేదు, పది మందికి పంపండి."

విదేశాలన్నీ కాదు, మసాలాలన్నీ కాదు. 2024 ఏప్రిల్ 5న హాంకాంగ్ ఆహార భద్రతా కేంద్రం చెప్పింది నాలుగు రకాల ప్యాకెట్ల గురించే: మన మసాలా కంపెనీలు ఎమ్‌డీహెచ్ వాళ్ళవి మూడు, ఎవరెస్ట్ వాళ్ళ ఫిష్ కర్రీ మసాలా ఒకటి. సింగపూర్ ఆ ఫిష్ కర్రీ మసాలా ఒక్కదాన్ని వెనక్కి తెప్పించింది. తర్వాత నేపాల్ కూడా వీటి అమ్మకాలు ఆపింది.

కుట్ర సంగతి. హాంకాంగ్ అధికారులు సిమ్ షా సుయి అనే పేటలో మూడు షాపులకెళ్ళి, అరల్లోంచి ప్యాకెట్లు తీసుకుని ల్యాబ్‌కి పంపారు. ఎప్పుడూ చేసే తనిఖీయే. ఇథిలీన్ ఆక్సైడ్ అనే, క్రిముల్ని చంపే గ్యాస్ బయటపడింది, అమ్మకం ఆపమన్నారు. మన ఊళ్ళో ఫుడ్ ఇన్‌స్పెక్టర్ కిరాణా కొట్టుకొచ్చి కారం శాంపిల్ పట్టుకెళ్తే కుట్ర అంటామా? (కొట్టాయన అంటాడేమో.)

అసలు ఆ గ్యాస్ ఎందుకు? గుంటూరు వైపు కళ్ళాల్లో మిరపకాయలు ఎండబెట్టడం చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. రోజుల తరబడి ఆరుబయటే, పైన దుమ్ము, పిట్టలు, రాత్రయితే కుక్కలు. సాల్మొనెల్లా లాంటి క్రిములు చేరితే ఎండకి చచ్చిపోతాయన్న గ్యారంటీ లేదు, వాటిని చంపడానికి కొందరు ఈ గ్యాస్ పట్టిస్తారు, అది పూర్తిగా పోకపోతే పొడిలో మిగులుతుంది. మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో ఉన్న గ్యాస్ ఇది. క్రిముల్ని చంపే పని ఆవిరితోనూ చేయొచ్చు. సింగపూర్‌లో మసాలాలకి ఈ గ్యాస్ వాడకం మీద నిషేధం కూడా లేదు, పరిమితి దాటిందనే వెనక్కి తెప్పించారు. తక్కువ మోతాదులో తింటే వెంటనే ప్రమాదం లేదని, ఎక్కువకాలం తింటే ఇబ్బంది రావచ్చని వాళ్ళే చెప్పారు, కాబట్టి ‘తింటే చస్తారు’ అనే రెండో రకం మెసేజ్ కూడా నమ్మకండి.

ఇక ‘ఇక్కడ ఏమీ దొరకలేదు’. ఈ గ్యాస్ వరకైతే ఈ ఒక్క ముక్క నిజం. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ రెండు కంపెనీల ఫ్యాక్టరీల్లో 34 శాంపిళ్ళు తీసింది, మే నెలలో వచ్చిన 28 రిపోర్టుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ లేదు. కానీ అవి హాంకాంగ్ షాపులో దొరికిన ప్యాకెట్లు కావు కదా. ఇవాళ్టి సాంబారు బాగుంటే నిన్నటిది పులిసిపోలేదని అర్థమా? అదే మే నెల నుంచి సింగపూర్, హాంకాంగ్ వెళ్ళే మసాలాలకు ఈ టెస్టు తప్పనిసరి చేసింది మసాలాల ఎగుమతులు చూసే మన స్పైసెస్ బోర్డే. మరి ఆ కుట్రలో వాళ్ళూ ఉన్నారా?