సంఘం కట్టినవాళ్లే పాఠం చెప్పాలి

విదేశీ విశ్వవిద్యాలయాలతో ఒప్పందాలు అనగానే మన వర్సిటీలకు ముందు గుర్తొచ్చేవి ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్. జనాన్ని కూడగట్టడం, సంఘం కట్టడం కూడా దేశాలు కలిసి నేర్పదగిన చదువేనన్న ఆలోచన అరుదు.

కెనడాలో ఆ ఆలోచనకు దాదాపు వందేళ్లు. నోవాస్కోషియాలోని సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ విశ్వవిద్యాలయం 1928లో విస్తరణ విభాగం పెట్టి మోజెస్ కోడీ అనే ఫాదర్‌కు అప్పగించింది. చేపలు పట్టేవాళ్లను, గని కార్మికులను క్లాసురూముకు రమ్మనకుండా వాళ్ల ఊళ్లలోనే చిన్న చిన్న చదువు బృందాలు పెట్టించారు. పట్టిన చేపకు ధర ఎవరు కడుతున్నారు, అప్పు ఎందుకు తీరడం లేదు అన్నవే పాఠాలు. పరపతి సంఘాలు, సహకార సంఘాలు అలా పుట్టాయి. 1959లో కోడీ పేరుతో వచ్చిన అంతర్జాతీయ సంస్థలో ఆసియా, ఆఫ్రికా కార్యకర్తలు చదువుకుంటున్నారు.

మన దగ్గరా ప్రయత్నం లేకపోలేదు. సమాజంతో కలిసి పరిశోధన చేయడంపై 2012లో యునెస్కో ఏర్పాటు చేసిన పీఠాన్ని ఢిల్లీలోని 'ప్రియా' సంస్థ వ్యవస్థాపకుడు రాజేశ్ టాండన్, కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు బడ్ హాల్ కలిసి నడిపారు. 2020లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) సామాజిక బాధ్యతపై 2 క్రెడిట్ల కోర్సు సూచించి, కనీసం సగం సమయం క్షేత్రంలోనే గడపాలంది. కాగితం మీద బాగుంది. అది ఒకపూట చీపురు పట్టి బ్యానర్ ముందు సెల్ఫీ దిగడంతో సరిపోకుండా చూసేదెవరు?

మా అసలు అభ్యంతరం పాఠం చెప్పేవాళ్ల గురించి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లే సారా మీద తిరగబడ్డారు. మరుసటి ఏడాది రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. తర్వాతి కాలంలో మన పొదుపు సంఘాల మహిళలు, తమ అనుభవాన్ని ఇతర ఊళ్లకు నేర్పే సీఆర్‌పీలుగా (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా) బిహార్ వెళ్లి, భాష రాకపోయినా అక్కడ సంఘాలు పెట్టించారు. ఇంత అనుభవం ఉన్నవాళ్లను మన వర్సిటీలు పిలిస్తే గిలిస్తే మహిళా దినోత్సవం నాడు శాలువా కప్పడానికే. అధ్యాపక అర్హత పరీక్ష 'నెట్', పీహెచ్‌డీ లేవు కదా!

విదేశీ భాగస్వామ్యం కుదుర్చుకునే ఏ వర్సిటీ అయినా ముందు ఈ మహిళలకు విజిటింగ్ ఫ్యాకల్టీ హోదా, తగిన వేతనం ఇవ్వాలి. కోర్సు తెలుగులో నడవాలి. బయటి నుంచి వచ్చే విద్యార్థులకు దుబాసీని పెట్టుకోవచ్చు. డబ్బు దగ్గర ఒక చిక్కుంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో ఒక స్వచ్ఛంద సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. పట్నంలోని పెద్ద సంస్థ నుంచి పల్లెలోని చిన్న సంఘానికి ఉన్న దారి మూసుకుపోయింది. ఇలాంటి విద్యా ప్రాజెక్టులకైనా కేంద్రం సడలింపు ఇవ్వాలి. ఈలోగా వేతనాల ఖర్చును రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ వర్సిటీ బడ్జెట్లలోనే చూపించవచ్చు.